చేను తొక్కిన ఏనుగు ఎవరిది?

(పలమనేరులో రైతులు, కళాశాల విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక సాయంకాల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు అప్పుడే ఆవులిస్తున్నారు. నేను తప్పు పట్టను. రాత్రంతా మంచె మీద కాపలా కాసి, పొద్దున్నే టమాటాలు మార్కెట్టుకు వేసి, సాయంత్రం ఉపన్యాసానికి వచ్చిన మనిషి ఆవులించకపోతేనే అనుమానించాలి. మధ్యలో కునుకు తీసినా ఫరవాలేదు. చివర్లో మిరపకాయ పొగ సంగతి చెబుతాను, అప్పుడు మాత్రం పక్కవాళ్ళు లేపండి.

నాకు ఇచ్చిన అంశం 'దక్షిణ ఆఫ్రికా దేశాల్లో వన్యప్రాణి సంరక్షణ, గ్రామీణుల భాగస్వామ్యం'. దక్షిణాఫ్రికా అనగానే మనకు క్రికెట్ ఆడే ఆ ఒక్క దేశమే గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది ఆ ఖండం దక్షిణ కొస అంతటి గురించి. ముఖ్యంగా జింబాబ్వే, నమీబియా, బోట్స్వానా.

ఇక ఆ 'భాగస్వామ్యం' అనే మాటతో నాకు చిన్న పేచీ ఉంది. భాగస్వామ్యం ఎలా ఉంటుందో మీకు తెలుసు. జీపు వస్తుంది. షామియానా వేస్తారు. కరపత్రాలు పంచుతారు. ఒక పెద్దమనిషి 'అడవి మనందరిదీ' అంటాడు. హాజరు పట్టీలో సంతకాలు తీసుకుంటారు. టీ తాగి ఇంటికి వస్తాం. ఆ రాత్రే 'మనందరిదీ' అయిన అడవిలోంచి వచ్చిన ఏనుగు నా ఒక్కడి చేనులోకే వస్తుంది. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్నారు మన పెద్దలు. ఆ వెయ్యి ఎవరి చేతికి వెళుతుందో మాత్రం సామెతలో లేదు. ఆ దేశాల్లో నలభై ఏళ్ళుగా నడుస్తున్న గొడవంతా ఆ చెప్పకుండా వదిలేసిన ముక్క గురించే.

కరీబా నుంచి మొదలుపెడతాను. 1950ల చివర్లో, ఇప్పటి జింబాబ్వే, జాంబియాల సరిహద్దున పారే జాంబెజీ నది మీద కరీబా దగ్గర పెద్ద ఆనకట్ట కట్టారు. నదికి అటూ ఇటూ తరతరాలుగా ఉన్న టోంగా ప్రజలు, సుమారు 57,000 మంది, ఊళ్ళు వదిలి పోవలసి వచ్చింది. శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్ళను ఎరిగినవాళ్ళకు ఆ మాట చాలు, మిగతాది మీరే ఊహించుకోగలరు. నీళ్ళు పెరిగేకొద్దీ గుట్టలు దీవులయ్యాయి, వాటి మీద జంతువులు చిక్కుకున్నాయి. 'ఆపరేషన్ నోవా' అని పేరు పెట్టి, పడవల్లో వెళ్ళి, వలలు వేసి, సుమారు 6,000 జంతువులను ఒడ్డుకు చేర్చారు. మంచి పనే, కష్టమైన పనే. ప్రపంచమంతా పత్రికల్లో చదివి మెచ్చుకుంది. అదే నీటి కింద పోయిన ఒండ్రు పొలాలకు బదులు టోంగాలకు దక్కింది మెట్ట నేల, ఈగలు, ఏనుగులు తిరిగే అడవి అంచు. జంతువులను ఎక్కించిన పడవకు బైబిల్లోని నోవా పేరు పెట్టారు. మనుషులను తరలించిన లారీలకు ఎవరూ పేరు పెట్టలేదు.

టోంగాలకు ఆ నదిలో ఒక దేవుడున్నాడు, న్యామిన్యామి. పాము ఒళ్ళు, చేప తల. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తెల్లవాళ్ళ పాలనలో చట్టం ఏమిటంటే, అడవి జంతువు ప్రభుత్వ సొత్తు. అంతకుముందు ఉచ్చు వేసి దుప్పిని పట్టిన మనిషి ఆ ఊళ్ళో వేటగాడు. చట్టం వచ్చిన మరునాటి నుంచి అదే మనిషి, అదే ఉచ్చు, అదే దుప్పి, కానీ దొంగ. చేను తొక్కిన ఏనుగును కొడితే జైలు. కొట్టకపోతే పస్తు. వాళ్ళు సాద్జా అని తింటారు, మొక్కజొన్న పిండితో చేసే సంగటి అనుకోండి. ఏనుగుల మంద ఒక్క రాత్రి దిగితే ఆ ఇంట్లో ఏడాది సంగటి పోయినట్టే.

ఇప్పుడు అసలు మలుపు. 1975లో అప్పటి రొడీషియా, అంటే ఇప్పటి జింబాబ్వే, ప్రభుత్వం పార్కులు, వన్యప్రాణుల చట్టం తెచ్చింది. భూమి పట్టా ఎవరిదో ఆ భూమి మీద తిరిగే జంతువుపై నిర్ణయాధికారం వాళ్ళదే అంది. జంతువును ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, వేటకు వచ్చేవాడి దగ్గర డబ్బు తీసుకోవచ్చు. అప్పటిదాకా పశువుల మేతకు పోటీ అని జింకలను కాల్చిపారేసిన పెద్ద పశువుల ఫారాల యజమానులు కొన్నేళ్ళలో లెక్క మార్చుకున్నారు. గొడ్ల కంటే జింక లాభమని తేలింది. ప్రైవేటు భూముల్లో జంతువులు పెరిగాయి. అక్కడ ఎవరికీ కరపత్రాలు పంచలేదు, అడవి మనందరిదీ అని ఎవరూ పాఠం చెప్పలేదు. హక్కు ఇచ్చారు, అంతే.

కానీ పట్టా ఎవరికి ఉంటుంది? తెల్ల రైతులకు. నల్లవాళ్ళు ఉండే ఉమ్మడి భూములకు పట్టాలు లేవు. కాబట్టి ఒకే ఏనుగు కంచెకు ఈ వైపు నిలబడితే ఆస్తి, ఆ వైపుకు అడుగు వేస్తే ఉపద్రవం. స్వాతంత్ర్యం వచ్చాక 1982లో ఆ చట్టాన్ని సవరించి, ఉమ్మడి భూముల్లో ఆ అధికారం జిల్లా కౌన్సిళ్ళకు ఇవ్వవచ్చు అన్నారు. గ్రామానికి కాదు, కౌన్సిలుకు. ఈ తేడా కూడా గుర్తుంచుకోండి.

అదే 1982లో ఆగ్నేయ మూల, సావే నది పక్కన, మహెన్యే అనే చోట ఒక సమావేశం జరిగింది. అక్కడివాళ్ళు షంగాన్లు. గొనరెజౌ పార్కు కోసం వాళ్ళను వెళ్ళగొట్టారు. వాళ్ళు అడ్డూ అదుపూ లేకుండా ఏనుగులను చంపుతున్నారు. తిండి కోసమే కాదు. ఏనుగులు లేకపోతే పార్కు ఉండదు, పార్కు లేకపోతే మా నేల మాకు వస్తుంది అన్న లెక్కతో. ఆలోచిస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, నేనైనా అలాగే లెక్క వేసేవాణ్ణి. క్లైవ్ స్టాకిల్ అనే స్థానిక తెల్ల రైతుకు షంగాన్ భాష వచ్చు. ఆయన మధ్యవర్తిగా కూర్చున్నాడు. ఒప్పందం ఏమిటంటే, పార్కు సరిహద్దు దాటి మీ నేల మీదికి వచ్చిన ఏనుగుల్లో ఒకటి రెండిటిని డబ్బు చెల్లించే వేటగాడు కాలుస్తాడు. మాంసం మీది, డబ్బు మీది. బదులుగా దొంగ వేట ఆపాలి. మాంసం ఆ రోజే అందింది. డబ్బు మాత్రం ఖజానాల్లో తిరిగి తిరిగి చాలా ఆలస్యంగా వచ్చింది. ప్రభుత్వ డబ్బు నడక ఏ దేశంలోనైనా ఒకటే. అయినా ఊరివాళ్ళు మాట నిలబెట్టుకున్నారు.

ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి జింబాబ్వేలో ఒక పథకం అయింది. దాని పేరును కుదించి క్యాంప్‌ఫైర్ అంటారు, అంటే చలిమంట. అధికారుల పొడి అక్షరాల నుంచి ఇంత మంచి పేరు పుట్టడం అరుదు. 1989లో మొదట రెండు జిల్లాలకు అధికారం ఇచ్చారు. ఒకటి గురువే. రెండోదాని పేరు న్యామిన్యామి. అవును, కరీబా నీళ్ళు మింగిన టోంగాల జిల్లాయే.

హరారేలోని జింబాబ్వే విశ్వవిద్యాలయంలో మార్షల్ మర్ఫ్రీ అనే ఆచార్యుడు ఉండేవాడు. ఈ పథకానికి ఆలోచన అందించినవాళ్ళలో ఒకడు. ఆయన పట్టుబట్టింది రెండు మూడు సంగతుల మీదే. నష్టం ఎవరు మోస్తారో లాభం వాళ్ళకే అందాలి. జంతువులు బాగా ఉన్న ఊరికి ఎక్కువ రావాలి, లేని ఊరికి సమానత్వం పేరుతో పంచిపెట్టకూడదు. నిర్ణయం తీసుకునే గుంపు ఒకరినొకరు ఎరిగినంత చిన్నదిగా ఉండాలి. వినడానికి మన ఊరి చెరువు నీటి పంపకంలా లేదూ? నీరుగంటి వ్యవస్థ తెలిసిన పెద్దవాళ్ళకు ఇందులో కొత్త ఏమీ కనిపించదు.

ఒక ఊరు చూపిస్తాను. దేశం దక్షిణ అంచున, లింపోపో నది పక్కన, బైట్‌బ్రిడ్జ్ జిల్లాలో చిక్వరక్వరా. 1990లో ఆ ఊరి భాగానికి సుమారు 60,000 జింబాబ్వే డాలర్లు వచ్చాయి. ఇళ్ళు 149. ఇలాంటప్పుడు మన దగ్గర ఏం చేస్తారు? ఊరికి ఖాతా తెరిచి, అందులో వేసి, సర్పంచి, కార్యదర్శి సంతకాలతో ఒక కమ్యూనిటీ హాలు కడతారు. కట్టిన రెండో ఏడు దాని స్లాబు కారుతుంది. అక్కడ అలా చేయలేదు. డబ్బు నోట్ల రూపంలోనే ఊరికి తెచ్చారు. అందరూ చూస్తుండగా ఒక్కో ఇంటిని పిలిచి 400 డాలర్లు చేతిలో పెట్టారు. అప్పుడు ఊరు ముందే అనుకున్న ప్రకారం ఒక్కో ఇల్లు అందులో సుమారు సగం తిరిగి ఇచ్చింది, పిండి మరకు, బడికి. మిగిలింది ఇంటికి పట్టుకుపోయారు.

ఇది చుట్టు దారి కాదా, ముందే సగం పట్టుకుని మిగతాది ఇస్తే సరిపోదా అని ఒక ఆర్థిక శాఖ అధికారి అడగవచ్చు. సరిపోదు. నా చేతిలోకి వచ్చిన డబ్బు నేను ఇచ్చాను కాబట్టి మర ఆగిపోతే నేను అడుగుతాను. నాకు ఇవ్వకుండానే పట్టుకున్న డబ్బుతో కట్టిన మర ప్రభుత్వానిది. ఆగిపోతే ఎమ్మెల్యేకు అర్జీ పెడతాను. ఆ నాలుగు వందలు చేతిలో ఉన్న రెండు నిమిషాల్లోనే ఆ మనిషి ఏనుగుకు యజమాని అయ్యాడు. చేతిలో ఇంకో లెక్క కూడా ఉంది. నేను ఒక ఉచ్చు వేసి ఒక దుప్పిని దొంగతనంగా తింటే, అది 149 ఇళ్ళ డబ్బు. పక్కింటావిడ ఊరుకోదు.

1989 నుంచి 2001 దాకా క్యాంప్‌ఫైర్ ద్వారా గ్రామాలకు చేరినది రెండు కోట్ల అమెరికన్ డాలర్లకు పైనే. అందులో 89 శాతం వేట నుంచి వచ్చిందే. పర్యాటకుల ఫొటోల నుంచి వచ్చింది కొంచెమే. ఈ అంకె కొందరికి మింగుడుపడదు. దాని దగ్గరికి వస్తాను.

ముందు చెడిన కథ చెప్పాలి. నేను మొదట కౌన్సిలు అన్న మాట గుర్తుంచుకోమన్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడు అంటారే, ఆ పూజారి ఈ జిల్లా కౌన్సిలే. చట్టంలో అధికారం దానిది. వేట కంపెనీతో ఒప్పందం దానిది. చెక్కు వచ్చేది దాని పేరుకు. రాబడిలో కనీసం సగం గ్రామాలకు చేరాలని మార్గదర్శకాలు ఉన్నాయి, కానీ మార్గదర్శకానికి కోర్టులో బలం లేదు. కొన్ని కౌన్సిళ్ళు నిజాయతీగా పంచాయి. కొన్ని జీతాలకు, జీపులకు వాడుకున్నాయి. మొత్తం మీద చూస్తే వచ్చిన రాబడిలో సుమారు సగమే కిందికి దిగింది. 2000 తరవాత దేశంలో భూముల గొడవలు, విదేశీ నిధులు ఆగిపోవడం, డబ్బు విలువ కరిగిపోవడం కలిసి వచ్చాయి. 2008 నాటికి జింబాబ్వే నోటు మీద సున్నాలు లెక్కపెట్టడమే ఒక పని. డాలర్లలో వేటగాడు కట్టినది కౌన్సిలు దాటి ఊరికి చేరేసరికి రొట్టె ముక్కకు కూడా చాలని సందర్భాలు ఉన్నాయి.

మహెన్యే సంగతి ఇంకా బాధ. ఆదర్శ గ్రామమని ఊళ్ళ నుంచి వచ్చి చూసి వెళ్ళిన చోటు అది. రెండు లాడ్జీలు వచ్చాయి, బడి వచ్చింది, మర వచ్చింది. 2000 తరవాత ఎన్నికైన కమిటీని పక్కకు తోసి, తెగ నాయకుడి కుటుంబం పెత్తనం చేతికి తీసుకుంది. లెక్కలు చూపడం మానేశారు. ఇళ్ళకు వాటా ఆగింది. ఏనుగులు మాత్రం రావడం ఆపలేదు. నేను గ్రామాన్ని దేవాలయంగా చూపే మనిషిని కాను. గ్రామంలో కూడా పెద్ద కులం ఉంటుంది, పెద్ద కుటుంబం ఉంటుంది, మైకు వదలని మనిషి ఉంటాడు. జిల్లా నుంచి గ్రామానికి అధికారం దింపి, అక్కడ లెక్కల పుస్తకం ఎవరు అడుగుతారో చూడకపోతే, దోచేవాడి ఊరి పేరు మారుతుంది, అంతే.

ఇప్పుడు నమీబియా. నాలుగేళ్ళ కిందట ఆ పేరు మన టీవీల్లో వారం రోజులు మోగింది. 2022 సెప్టెంబరు 17న ఎనిమిది చీతాలు నమీబియా నుంచి మధ్యప్రదేశ్‌లోని కూనోకు విమానంలో వచ్చాయి. కూనో అడవి ఎలా ఖాళీ అయింది? గిర్ సింహాలను తెస్తామని 24 ఊళ్ళను, ఎక్కువగా సహరియా ఆదివాసీలవి, బయటికి తరలించారు. సింహాలు రాలేదు, ఊళ్ళు మాత్రం పోయాయి. ఊరిని ఉంచి జంతువును పెంచడంలో పేరు తెచ్చుకున్న దేశం నుంచి మనం జంతువును ఒక్కదాన్నే తెచ్చుకున్నాం. చట్టాన్ని కూడా అదే విమానంలో ఎక్కించి ఉంటే బాగుండేది.

(నవ్వులు)

ఆ చట్టం ఎలా పుట్టిందో చెబుతాను. 1980ల మొదట్లో నమీబియా వాయవ్యంలో, కునేనే ప్రాంతంలో, ఘోరమైన కరువు. హిమ్బా, హెరెరో జనం పశువుల్లో ఎక్కువ భాగం చచ్చిపోయాయి. అది దక్షిణాఫ్రికా సైన్యం ఉన్న యుద్ధ కాలం, ఊళ్ళలో తుపాకులు దండిగా ఉన్నాయి. ఆకలి, తుపాకి, పైన దంతం కొనేవాడు. ఖడ్గమృగాలు, ఏనుగులు రాలిపోతున్నాయి. గార్త్ ఓవెన్-స్మిత్ అనే సంరక్షకుడు ఊరి పెద్దల దగ్గరకు వెళ్ళాడు. ఆపండి అని చెప్పడానికి కాదు, ఏం చేద్దాం అని అడగడానికి. జాషువా కంగోంబే అనే హెరెరో పెద్ద ముందుకు వచ్చాడు. ఊరి పెద్దలే తమ మనుషులను ఎంచారు. అడవి గురించి బాగా తెలిసినవాళ్ళను, అంటే కొన్ని చోట్ల నిన్నటి వేటగాళ్ళనే. వాళ్ళ పని కాల్చడం కాదు, పట్టుకోవడం కూడా కాదు. తిరగడం, చూడటం, వచ్చి పెద్దకు చెప్పడం. జీతం కింద తిండి గింజలు, కొంచెం నగదు. ఓవెన్-స్మిత్ జవాబు చెప్పుకోవలసింది ఆ పెద్దలకే. మన నల్లమలలో చెంచులను కాపలాదారులుగా పెట్టుకున్నారు, అది మంచిదే. కానీ అక్కడ ఆ చెంచు జవాబు చెప్పేది ఎవరికి? తన గూడెం పెద్దకా, రేంజరుకా? తేడా అక్కడ ఉంది.

1990లో స్వాతంత్ర్యం వచ్చాక కొత్త ప్రభుత్వం ఊరూరా తిరిగి అడిగింది. జంతువులు వద్దు అని జనం అంటారనుకున్నారు. జనం అన్నది వేరు. తెల్ల రైతుకు 1960ల నుంచి ఉన్న హక్కే మాకూ ఇవ్వండి అన్నారు. 1996లో చట్టం సవరించారు. ఇక్కడే నమీబియా జింబాబ్వే కంటే తెలివిగా నడిచింది. మధ్యలో జిల్లా కౌన్సిలును పెట్టలేదు. ఊళ్ళు తమంతట తామే ఒక సంఘంగా ఏర్పడవచ్చు. దాన్ని కన్సర్వెన్సీ అంటారు. షరతులు కొన్నే. పొరుగువాళ్ళు ఒప్పుకున్న హద్దు, సభ్యుల పట్టిక, ఒక నియమావళి, ఎన్నికైన కమిటీ, వచ్చినదాన్ని ఎలా పంచుతారో రాసిన కాగితం. హద్దు గురించి పొరుగువాళ్ళతో తేల్చుకోవడానికే కొన్నిటికి ఏళ్ళు పట్టాయి. పొలం గట్టు తగాదా తెలిసినవాళ్ళకు ఆశ్చర్యం ఉండదు. డబ్బు నేరుగా సంఘం ఖాతాకు. 1998లో మొదటి నాలుగు నమోదయ్యాయి. ఇప్పుడు ఎనభైకి పైగా ఉన్నాయి, దేశం నేలలో అయిదో వంతు వాటి కింద ఉంది.

మొదటి నాలుగిటిలో తోరా ఒకటి. అక్కడివాళ్ళలో చాలామంది పూర్వీకులు 1970ల మొదట్లో దక్షిణాఫ్రికాలోని రీమ్‌వాస్మాక్ నుంచి వెళ్ళగొట్టబడి వచ్చినవాళ్ళు. కట్టుబట్టలతో దింపిన బంజరు నేల మీద వాళ్ళు ఒక పర్యాటక కంపెనీతో లాడ్జీ ఒప్పందం కుదుర్చుకుని, తమ ఖర్చులు తామే భరించే మొదటి కన్సర్వెన్సీగా నిలిచారు.

నాకు ఆ దేశంలో అన్నిటికంటే నచ్చింది ఒక పుస్తకం. పుస్తకమంటే చదివేది కాదు, నింపేది. కాపలాదారు జేబులో పట్టే పసుపుపచ్చ కట్ట. ఏనుగు చేనులో పడింది, చిరుత మేకను పట్టింది, ఉచ్చు కనిపించింది, ప్రతిదానికీ ఒక గీత. నెలాఖరుకు ఆ గీతలన్నీ నీలం కాగితంలోకి ఎక్కుతాయి. ఒక సంఘటనకు ఒక గడి నింపుతారు. గడి మీద గడి పేరుస్తూ పోతే, ఏ నెలలో ఏ బెడద ఎక్కువో గోడ కట్టినట్టు కనిపిస్తుంది. ఏడాది చివర ఎర్ర కాగితం. చదువు రానివాళ్ళు కూడా దూరం నుంచి చూసి, మార్చిలో గోడ ఎత్తుగా ఉందే, కాపలా పెంచాలి అనగలరు. ఇంకో గొప్ప సంగతి, ఆ పుస్తకం కార్యాలయానికి పోదు. శాస్త్రవేత్త కావాలంటే వచ్చి నకలు రాసుకుంటాడు, అసలు ఊళ్ళోనే ఉంటుంది. మన పంట నష్టం దరఖాస్తు ఏ టేబుల్ మీద ఉందో మనకు తెలుసా?

అక్కడ అంతా బాగుందని చెప్పి పంపిస్తే అబద్ధమవుతుంది. ఈ చట్టం జంతువు మీద హక్కు ఇచ్చింది, నేల మీద ఇవ్వలేదు. న్యాయ్ న్యాయ్ కన్సర్వెన్సీ సాన్ ప్రజలది, దేశంలో మొదటిది. బయటివాళ్ళు పశువులను తోలుకుని అక్కడికి వస్తే, పొమ్మని వెళ్ళగొట్టే బలం సంఘానికి చట్టంలో సరిగా లేదు. గత పదేళ్ళ కరువుల్లో కునేనేలో జింకలు, జీబ్రాలు బాగా పడిపోయాయి. అవి తగ్గితే సింహం పశువుల కొట్టం వైపు చూస్తుంది. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగితే లాడ్జీలు మూతపడి, కాపలాదారుల జీతాలకు దాతల దగ్గర చెయ్యి చాపవలసి వచ్చింది. 2024 కరువులో ప్రభుత్వమే 83 ఏనుగులతో కలిపి 723 జంతువులను చంపి మాంసం పంచుతామని ప్రకటించింది. ప్రపంచం ఉలిక్కిపడింది. ఆకలితో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడలేదు.

వేట దగ్గరికి వస్తాను అన్నాను. నాకు వేట నచ్చదు. డబ్బున్నవాడు సముద్రాలు దాటి వచ్చి ఏనుగును కాల్చి దాని పక్కన కూర్చుని ఫొటో దిగడం చూస్తే నాకు తిండి సయించదు. మన దేశంలో 1972 చట్టం వేటను ఆపింది, దాన్ని మార్చమని చెప్పడానికి నేను రాలేదు. కానీ నాకు నచ్చకపోవడం ఒకటి, నా అయిష్టానికి మూల్యం ఇంకొకడితో కట్టించడం ఇంకొకటి.

బోట్స్వానా చూడండి. ఆఫ్రికాలో అన్నిటికంటే ఎక్కువ ఏనుగులు అక్కడే, సుమారు 1,30,000. 2014లో అధ్యక్షుడు ఇయాన్ ఖామా వేటను నిషేధించాడు. ప్రపంచమంతా చప్పట్లు. ఒకవాంగో నది డెల్టా అంచున సంకుయో అనే చిన్న ఊరు ఉంది. వేట డబ్బుతో ఊళ్ళో కుళాయిలు, మరుగుదొడ్లు, ఉద్యోగాలు నడిచేవి. నిషేధంతో అవి పోయాయి. ఫొటోల పర్యాటకం వస్తుంది అన్నారు. అందమైన నీటి ఒడ్డుకు వస్తుంది, ముళ్ళ పొదల ఎండ నేలకు ఎవడు వస్తాడు? ఏనుగులు మాత్రం యథాప్రకారం చేలలోకి వచ్చాయి. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. 2019లో తరవాతి అధ్యక్షుడు మసీసీ ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. 2024లో జర్మనీ వేట చిహ్నాల, అంటే వేటగాడు ఇంటికి పట్టుకుపోయే తల, తోలు, దంతం లాంటివాటి, దిగుమతి మీద ఆంక్షలు పెంచే ఆలోచన చేస్తే, అయితే మీకు 20,000 ఏనుగులు పంపిస్తాం, వాటితో కలిసి బతికి చూడండి అన్నాడు ఆయన. ఎన్నికల ముందు మాటే కావచ్చు. అయినా, బెర్లిన్ కూడలిలో ఏనుగుల మంద నిలబడిన దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి. పలమనేరులో మనం ఊహించుకోనక్కరలేదు, కౌండిన్య అడవి నుంచి దిగితే చూస్తూనే ఉన్నాం.

2015లో హ్వాంగే పార్కు పక్కన సెసిల్ అనే సింహాన్ని ఒక అమెరికన్ దంతవైద్యుడు చంపాడు. ప్రపంచం కన్నీరు పెట్టుకుంది. సింహానికి పేరుందన్న సంగతే చాలామంది జింబాబ్వే పల్లెవాళ్ళకు అప్పుడు తెలిసింది. అక్కడ ఏటా పదుల సంఖ్యలో మనుషులు అడవి జంతువుల చేతిలో చనిపోతారు. వాళ్ళకు కూడా పేర్లున్నాయి. అంతకు ఏడాది ముందే, 2014లో, అమెరికా జింబాబ్వే ఏనుగుల వేట చిహ్నాల దిగుమతిని ఆపింది. క్యాంప్‌ఫైర్ ఊళ్ళకు వచ్చే వేటగాళ్ళలో ఎక్కువమంది అమెరికన్లే. వాషింగ్టన్‌లో ఒక సంతకంతో మసోకా లాంటి ఊళ్ళ రాబడి పడిపోయింది. ఆ సంతకానికి ముందు ఆ ఊళ్ళను ఎవరూ అడగలేదు. అయితే ఎదుటివాళ్ళ వాదనలో ఒక ముక్క నేను కొట్టిపారేయలేను. 89 శాతం ఒక్క వేట మీదే ఆధారపడిన ఊరు, దూరదేశపు కాలక్షేపం మీద ఆధారపడినట్టే. అది ఆగిన రోజు ఏమిటన్నది ముందే అనుకోవలసింది.

ఇంకొక్క ఊరు, త్వరగా. దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కు ఉత్తర కొస, పఫూరి. 1969లో అక్కడి మకులెకె ప్రజలను తుపాకులు చూపి, తమ గుడిసెలకు తామే నిప్పు పెట్టుకునేలా చేసి వెళ్ళగొట్టారు. 1998లో చట్టబద్ధంగా 24,000 హెక్టార్ల వరకు నేల తిరిగి వాళ్ళ పేరుకు వచ్చింది. మళ్ళీ వెళ్ళి నాగలి పట్టారా? లేదు. నేల మాది, జంతువులు ఉండనిద్దాం, లాడ్జీల అద్దె మాకు రావాలి అని పార్కుతో ఒప్పందం రాసుకున్నారు. ఆ ఒప్పందం చదివినప్పుడు నాకు ఒక్కటే అనిపించింది. పొమ్మని తరిమినప్పుడు ఈ మనుషులు జంతువులకు శత్రువులన్నారు. పట్టా చేతికిచ్చి నిర్ణయం అడిగితే, వాళ్ళు తీసుకున్న నిర్ణయం ఇది.

సరే, మిరపకాయ. వెనక వరుసవాళ్ళను లేపండి.

జాంబెజీ లోయలో పల్లెవాళ్ళు చేసేది ఇది. ఏనుగు లద్దె తెచ్చి, అందులో బాగా ఘాటున్న ఎండు మిరప పొడి కలిపి, ఇటుకల్లా అచ్చు వేసి ఎండబెడతారు. రాత్రి చేను గట్టు మీద అక్కడక్కడ పెట్టి నిప్పు అంటిస్తారు. మంట రాదు, మెల్లగా రాజుకుంటూ తెల్లవార్లూ పొగ వస్తుంది. ఏనుగు ముక్కు ఎంత పొడవో దాని బాధ కూడా అంతే. ఇంకో పద్ధతి, పాత ఇంజన్ గ్రీజులో మిరప పొడి కలిపి, గుడ్డలకు పూసి, తాడుకు వేలాడగట్టి చేను చుట్టూ కట్టడం. వాన పడినా గ్రీజు వల్ల ఘాటు కారిపోదు. చేను చుట్టూ ఒక వరస మిరప వేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు, ఏనుగు దాన్ని తినదు, సంతలో అమ్ముడవుతుంది. గుంటూరు ఉన్న రాష్ట్రానికి మిరపకాయ గురించి ఆఫ్రికా నుంచి చెప్పించుకోవడం కొంచెం సిగ్గుగానే ఉంది.

రెండు హెచ్చరికలు. ఒకటి, నా ఒక్క చేను దగ్గర పొగ వేస్తే ఏనుగు పక్క చేనుకు పోతుంది, అప్పుడు పొగ కంటే పొరుగువాడి ఘాటు ఎక్కువ. గట్టు పొడవునా అందరూ, ప్రతి రాత్రీ వేయాలి. ఎవరి వంతు ఏ రోజో రాసుకోవాలి, ఆ కాగితం ఊళ్ళోనే ఉండాలి. రెండు, గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. ఇటు తిరిగిందంటే ఏనుగు కంటే ముందు మంచె దిగి పరుగెత్తేది మనమే.

(నవ్వులు)

ఎవరో చెయ్యి ఎత్తారు, ఆ మూల పచ్చ చీర అమ్మ. మైకు అటు ఇవ్వండి.